రెండడుగుల బండి

ఎర్రరంగు డబ్బాతో వచ్చినవాడికి ఆ వీధిలో ఎవరూ మంచినీళ్లయినా ఇవ్వరు. కిందటేడు అలాంటి డబ్బాతోనే ఒకాయన వచ్చి, రోడ్డు వెడల్పు చేస్తారని చెప్పి, కిళ్లీ బడ్డీ గోడ మీదా టైలరు అరుగు మీదా గీతలు గీసి వెళ్లాడు. ఆ తర్వాత పొక్లెయిన్ వచ్చింది. గీతకు ఇవతల ఉన్నదంతా మట్టయింది. అందుకే ఆ ఉదయం కాశీబుగ్గ బస్టాపు దగ్గర సన్నటి యువకుడొకడు టేపూ రంగు డబ్బా పట్టుకుని ఆటో దిగగానే, మిఠాయి కొట్టు ఈశ్వరరావు బయటికి జరిపి పెట్టుకున్న బల్లను కాలితో లోపలికి తోశాడు. చెప్పుల కొట్టు ముందు తాడుకి వేలాడుతున్న చెప్పులు ఒక్కొక్క జతే మాయమయ్యాయి.

కామాక్షి ఇదంతా తన ఎస్టీడీ బూత్‌లోంచి చూస్తోంది. లోపలికి లాక్కోవడానికి ఆమెకేమీ లేదు. ఆ బూతే బయట ఉంది. వికలాంగుల కోటాలో వచ్చిన రేకుల బూత్. రెండు ఫోన్లు, బిల్లు మీటరు, మనిషి నిలబడి మాట్లాడుకునే గాజు తలుపు, గోడకి అతికించిన ఊళ్ల కోడ్ నంబర్లు. రోడ్డుకీ బూత్‌కీ మధ్య కాలువ ఉంది. కాలువ మీద వేసిన చెక్క మనుషుల పాదాలకు సరిపోతుంది గాని మూడు చక్రాల బండికి సరిపోదు. అందుకని రోజూ పొద్దున్న నాన్న సన్యాసయ్య ఒక పక్కా, ఆటో బాబ్జీ ఒక పక్కా పట్టుకుని ఆమెను బండితో సహా ఎత్తి ఇవతల దించుతారు. చీకటి పడేవేళ మళ్లీ ఎత్తి అవతల దించుతారు. మధ్యలో ఆమె ఎక్కడికీ వెళ్లదు. వెళ్లాలంటే మళ్లీ ఇద్దరు మగవాళ్లను పిలవాలి, ఎక్కడికో చెప్పాలి. అందుకని బూత్‌లో ఉన్నంతసేపూ ఆమె నీళ్లు తాగదు. సీసా కూడా పెట్టుకోదు, కనబడితే దాహం వేస్తుందని.

టేపు పట్టుకున్న యువకుడు చెక్క దాటి నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు. చొక్కా జేబులో రెండు పెన్నులున్నాయి. మెడ వెనక చెమట ధారగా కారుతోంది.

“కొన్ని మంచినీల్లుంటే ఇత్తారా అక్కా?”

“నీల్లు నేవు,” అంది కామాక్షి.

అతను బూత్ అంతా ఒకసారి చూశాడు. నిజంగానే కుండ గాని సీసా గాని కనబడలేదు. దగ్గరలో ఎక్కడా అడగలేదు. కాలువ అంచున గొంతుక్కూర్చుని టేపు విప్పాడు.

బయట బల్ల మీద కూర్చున్న సన్యాసయ్య చుట్ట ఆర్పేసి లేచాడు. “ఏటి బాబూ కొలుత్తన్నావు? మాకు కాయితం ఉంది. కలకటేరు ఆఫీసు సీలున్న కాయితం.”

“తెలుసు తాతా. నా పేరు ఆనంద్. వర్క్ ఇన్‌స్పెక్టర్ని. మాది నిమ్మాడ. మీ బూత్ గురించి కాదు, ఫుట్‌పాత్ కోసం వచ్చినాను.”

“పోయినేడు వచ్చినోడూ మీ బడ్డీ గురించి కాదనే అన్నాడు, కిల్లీ బడ్డీ ఆడితోటి,” అన్నాడు ఈశ్వరరావు తన గుమ్మంలోంచి. వీధిలో ఎవరి మాటకైనా అడ్డం వచ్చే హక్కు మిఠాయి కొట్టుదే అని అతని నమ్మకం.

ఆనంద్ టేపు చుట్టి లేచాడు. బస్టాపు నుంచి ఈ వరస చివరి దాకా కాలువ మీద పలకలు వేసి నడిచే దారి కడతారట. ఈ చివర, అంటే సరిగ్గా బూత్ పక్కన, మెట్టు పెట్టకుండా ఏటవాలుగా రోడ్డుకి దింపుతారట. బండి మీద తిరిగేవాళ్లు ఎవరి సాయం లేకుండా ఎక్కొచ్చు, దిగొచ్చు. కాకపోతే ఏటవాలు కనబడితే మోటారు సైకిళ్లు కూడా ఎక్కేస్తాయి కనక, మొదట్లో రెండు ఇనప గొట్టాలు నాటుతారు. వాటి మధ్య ఎంత ఖాళీ వదలాలో చూసుకోవాలి.

“బండి మీద తిరిగేవోల్లంటే ఎంతమంది?” అడిగింది కామాక్షి.

“ఈ వరసలో మీరొక్కరే కనబడ్డారక్కా.”

ఒక్కరే. ఆమె అతని మొహం వంక చూసింది. ఒక్క మనిషి కోసం ఇంత సిమెంటు పోస్తారా? ప్రైవేటుగా బీయే చదివిన ఆమెకు ప్రభుత్వం ఏమేమి చెయ్యాలో కాగితం మీద తెలుసు. ఏమేమి చేస్తుందో ఈ బూత్‌లో కూర్చుని తెలుసుకుంది. బూత్ కాగితం సంపాదించడానికి ఎంతమంది బల్లల ముందు నేల మీద కూర్చుందో ఆమె మరిచిపోలేదు.

“మీ బండి ఎంత వెడల్పుంటాదక్కా? ఏదీ, కనబడదు?”

“ఇరుసు విరిగింది. సిట్టిబాబు వెల్డింగు సాపులో ఉంది. వారం పడుతుందన్నాడు.”

“పోనీ మీకు తెలుసు కదా. ఉజ్జాయింపుగా చెప్పండి.”

ఆమె నోరు తెరవబోయి ఆగింది. ఆనంద్ వెనక నిలబడ్డ సన్యాసయ్య కుడి అరచేతిని నేల వైపు తిప్పి, గాలిని మెల్లగా కిందికి నొక్కుతున్నాడు. పసిపిల్లని జోకొడుతున్నట్టు. ఆ సైగ ఆమెకు తెలుసు. ఉద్దానంలో, ఇసకదిబ్బ మీద వాళ్ల జీడితోటలోకి సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చినప్పుడల్లా నాన్న అమ్మకు చేసిన సైగ అది. ఎన్ని చెట్లంటే తక్కువ చెప్పు. ఎంతదాకా మీదంటే తక్కువ చెప్పు. కొలిచేవాడికి నిజం చెబితే, ఉన్నది కాస్తా బంజరని రాసుకుని పోతాడు.

బండి వెడల్పంటే తను ఆక్రమించుకున్న చోటు. ఇంత బండికి ఇంత చోటెందుకంటే బూత్ జరపమంటారు.

“రెండడుగులు,” అంది కామాక్షి.

“అంతేనా?”

“సన్నబండి.”

ఆనంద్ రాసుకున్నాడు. వెళ్లేముందు బ్రష్షు ముంచి బూత్ కింది మూల మీద బొటనవేలంత ఎర్ర గుర్తు పెట్టాడు.

“అదేటి?” కామాక్షి గొంతు లేచింది.

“ఏటవాలు ఇక్కడ మొదలవుద్దక్కా. మేస్త్రీకి తెలియడానికి.”

అతను ఆటో ఎక్కి కనుమరుగయ్యాడు. తర్వాత ఈశ్వరరావు తన గుమ్మం దిగి వచ్చి ఆ గుర్తును వంగి చూశాడు. “ఏటవాలేటి, పొక్లెయిను మూతి ఇక్కడ పెట్టమని గుర్తు,” అన్నాడు. “కామాక్షమ్మా, నాను సెప్పినానని కాదు గాని, నీ కాయితాలు జెరాక్సు తీయించుకో.”

మధ్యాహ్నం వీధి సద్దుమణిగాక సన్యాసయ్య ఒక గుడ్డపీలిక కిరసనాయిల్లో ముంచి తెచ్చాడు. ఆ గుర్తును రుద్ది రుద్ది తుడిచాడు. రంగు పోయింది గాని రేకు మీద మరక మిగిలింది.

*

మూడోరోజు పలకలు వచ్చాయి. కంట్రాక్టరు ఢిల్లీరావు ఒకసారి జీపులోంచి తల బయటపెట్టి చూసి వెళ్లాడు. ఆ తర్వాత మేస్త్రీ, ఇద్దరు ఆడకూలీలు మాత్రమే కనబడ్డారు. కంకర, ఇసక, సిమెంటు కలిపే చప్పుడు ఫోన్లో మాట్లాడేవాళ్ల మాటల్లో కలిసిపోతోంది. భావనపాడు నుంచి వచ్చిన చేపల వ్యాపారి ఒకడు గాజు తలుపు లోపల అరుస్తున్నాడు, బరంపురంలో అవతలివాడికి వినపడాలని. బిల్లు చూసి ఇంకా గట్టిగా అరిచాడు.

“అరిసిన దానికి మీటరు ఎక్కువ తిరగదు బాబూ, భయపడకు,” అంది కామాక్షి.

ఆనంద్ రోజూ వస్తున్నాడు. పని మొదలైన రోజే తన గుర్తు లేకపోవడం చూశాడు. మరక వంక చూసి, చిన్నగా నవ్వి, మళ్లీ బ్రష్షు ముంచి అక్కడే పెట్టాడు. ఎవరు తుడిచారని అడగలేదు. అడగకపోవడం కామాక్షికి ఇంకా అనుమానం కలిగించింది. తప్పు లేనివాడైతే అడగడా?

వీధి తన పని తను చేస్తోంది. బస్టాపు దగ్గర టీ తాగేవాళ్లు, బూత్ తీసేసి సెల్లు కంపెనీ బోర్డు పెడతారన్నారు. ఇంకొకరు, వెనకాల ఎవరిదో కాంప్లెక్సు లేస్తోంది, ఈ దారి దానికోసమేనన్నారు. ఈశ్వరరావు తన కొట్టు ముందు ఆగే మోటారు సైకిళ్లను లెక్కపెట్టుకుంటూ, ఆమె వినేటంత గట్టిగానే అన్నాడు. “ఒక్క కుంటిబండి కోసం మా బేరాలకి గొట్టాలు పాతుతారంట. ఏ దేవుడికి మొక్కుకున్నాదో మరి.”

కామాక్షి తల తిప్పలేదు. ఆమె చూస్తున్నది గొట్టాల కోసం తవ్విన రెండు గోతుల్ని. అవి దగ్గర దగ్గరగా ఉన్నాయి. వాటి మధ్యలో తన బండిని మనసులోనే పెట్టి చూసుకుంది. వెనక చక్రాల్లో ఒకటి గోతిలో పడింది.

మేస్త్రీ గొట్టం నిలబెట్టి సిమెంటు పొయ్యబోతున్నాడు. ఆనంద్ గొట్టాన్ని పట్టుకుని నిటారుగా ఉందో లేదో చూస్తున్నాడు. ఆమె పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉన్నాడు. ‘తమ్ముడూ, కొంచెం ఆగు’ అంటే చాలు. నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడే బూత్ మూల ఎర్ర గుర్తు ఎండలో తడిగా మెరిసింది. ఇప్పుడు మూడడుగులంటే, అప్పుడు రెండని ఎందుకన్నావంటాడు. ఇంకేమేం అబద్ధాలు చెప్పావో చూద్దామంటాడు. బూత్ కూడా కొలుస్తాడు.

“ఓలే కామాచ్చీ,” అన్నాడు సన్యాసయ్య మెల్లగా, ఆమె చూపు ఎటు పోతోందో చూసి. “నోరు మెదపకు. ముందు కట్టనీ. కట్టినాక మనదే కదా.”

మేస్త్రీ సిమెంటు పోశాడు. ఇటిక ముక్కలు దూర్చి గొట్టం కదలకుండా కూరాడు. ఏటవాలు మీద తడి సిమెంటులో కొబ్బరితాడు అడ్డంగా అద్ది అద్ది తీశాడు, చక్రం జారకుండా పట్టు దొరకడానికి. ఉద్దానంలో పశువుల శాలల్లో ఆవుల కాళ్లు జారకుండా అలాగే అద్దుతారు. తాడు లేచిన ప్రతిచోటా పీచు అచ్చు పడింది. కామాక్షి ఆ అచ్చుల్ని సాయంత్రం దాకా చూస్తూనే ఉంది. అంత శ్రద్ధగా చేసింది తనకోసమేనంటే నమ్మడం ఆమెకు చేతకాలేదు.

*

బండి తిరిగొచ్చిన రోజు పొద్దున్న ఆమె బాబ్జీని ఎత్తవద్దంది.

“అయితే నా పని పోయినట్టేనా అక్కా?” అన్నాడు బాబ్జీ. “ఇన్నాల్లూ పల్లకీ మోసినాను. పెన్సనేటైనా ఇప్పించు.”

“నీ పెన్సను నా ఎనకాల నడిసి తీసుకో.”

ఆమె రోడ్డు మీంచి ఏటవాలు వైపు బండి తిప్పింది. చేతుల ముందున్న పెడళ్లు తిప్పుతుంటే కొత్త ఇరుసు చప్పుడు లేకుండా తిరిగింది. ముందు చక్రం ఏటవాలు ఎక్కింది. తాడు అచ్చుల మీద చిన్నగా గరగరలాడింది. ఆమెకు తెలియకుండానే పెదవులు విడివడ్డాయి. ఇంకో తిప్పు తిప్పింది. కుడివైపు వెనక చక్రం ఇనప గొట్టానికి కొట్టుకుని ఆగింది. ఎడమ చక్రం రెండో గొట్టానికి కొట్టుకుంది. ఆమె వెనక్కి రాబోయింది. బండి అడ్డంగా తిరిగి బిగుసుకుంది.

బరంపురం బస్సు దిగినవాళ్లు ఆగి చూశారు. కామాక్షి రెండు చేతులూ పెడళ్ల మీదే ఉంచింది. అక్కణ్ణుంచి తీస్తే ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

“ఎత్తమంటావా అక్కా?” బాబ్జీ అడిగాడు. ఈసారి నవ్వలేదు.

ఆమె తల ఊపింది. బాబ్జీ చేతులు చంకల కింద పడ్డాయి. బండి లేని ఈ వారమంతా పడిన చేతులే. ఆ రోజు మాత్రం ఆమె కళ్లు మూసుకుంది.

బూత్ తెరిచేసరికి వీధి తీర్పు చెప్పేసింది. ఢిల్లీరావు పలకల్లో తిన్నాడు, గొట్టాల్లో తిన్నాడు, ఇప్పుడు ఖాళీలో కూడా తిన్నాడు. ఇన్‌స్పెక్టర్ కుర్రాడు వాటా తీసుకున్నాడు. కామాక్షి వింటూ, టైలరు దగ్గర్నుంచి తెప్పించిన టేపు నాన్న చేతికిచ్చింది. “ఎంత వదిలినాడో సూడు నాన్నా.”

సన్యాసయ్య గొట్టాల మధ్య టేపు సాగదీసి పట్టుకున్నాడు. ఆమె దూరం నుంచే చూసి చదువుకుంది. రెండడుగుల పైన ఇంకో నాలుగు వేళ్లు ఉంది. తను చెప్పినదానికన్నా ఎక్కువే వదిలాడు.

మధ్యాహ్నం ఆనంద్ వచ్చాడు. ఎవరో ఫోన్ చేసి చెప్పినట్టున్నారు. బూత్ పక్కన నిలబెట్టిన బండిని చూశాడు, గొట్టాలను చూశాడు. టేపు తీసి బండి వెనక చక్రాల మీద అడ్డంగా పెట్టి చూసి, మళ్లీ చుట్టేశాడు. వీధంతా చూస్తోంది. ఇప్పుడు అంటాడు, అనుకుంది కామాక్షి. నువ్వే కదా రెండన్నావంటాడు.

“నాను సూసుకోవలసింది,” అన్నాడు ఆనంద్. అంతే.

“ఎవుడు కొలిసినాడయ్యా దీన్ని?” ఈశ్వరరావు వచ్చేశాడు. “గుడ్డోడా?”

“నేనేనండి.”

“నీకు సదువెవుడు సెప్పినాడు?”

ఆనంద్ పెన్ను జేబులో పెట్టుకోబోతే జారి కింద పడింది. వంగి తీసుకుని, మట్టి తుడిచి, వెళ్లిపోయాడు. తను రెండన్న సంగతి అతను ఎందుకు బయటపెట్టలేదో కామాక్షికి అర్థం కాలేదు. కొత్తగా ఇంకో అనుమానం పుట్టింది. ఎక్కడో పెద్దల ముందు చెప్పడానికే ఇప్పుడు దాచుకుంటున్నాడా?

*

మర్నాడు ఈశ్వరరావు స్వయంగా మిఠాయి పొట్లం తెచ్చి బూత్ బల్ల మీద పెట్టాడు. ఇన్నేళ్లలో అతను ఆమెకు డబ్బు తీసుకోకుండా ఇచ్చిన మొదటి వస్తువు అది.

“సోమవారం అర్జీల రోజు,” అన్నాడు. “మునిసిపాలిటీ ఆఫీసులో పెద్దసారు కూకుంటారు. నిన్ను బండితోటి తీసుకెల్తాం. మెట్ల మీంచి నలుగురం ఎత్తుకుని లోపలికి తీసుకెల్లి ఆరి ముందు దించుతాం. పేపరోల్లు కూడా వత్తారు. నువ్వేటీ మాటాడక్కర్లేదు, నాను సూసుకుంటాను. ఆ గొట్టాలు పీకించీడం నా పూచీ. ఆ కుర్రోడు ఇంటికి పోతాడు. కంట్రాక్టు ఉజ్జోగమే కదా, నోటి మాటతో పోద్ది.”

“గొట్టాలు పీకితే మోటారు సైకిల్లు ఎక్కుతాయి కదా మావా.”

“ఎక్కనీ. నీకేటి నష్టం?”

పొట్లం మీద నెయ్యి మరక మెల్లగా విస్తరించింది. కామాక్షి దాన్ని ముట్టుకోలేదు. అతను కోరేది గొట్టాలు పోవడం. తను కోరేది గొట్టాల మధ్య నుంచి వెళ్లడం. రెండూ ఒకటేనని అతను ఆమెను నమ్మించాలని చూస్తున్నాడు.

ఆదివారం సాయంత్రం బూత్ ముయ్యబోతుంటే ఆనంద్ వచ్చాడు. ఆఫీసు పని మీద కాదని తెలిసేలా లుంగీలో ఉన్నాడు. ఇంటికి ఫోన్ చెయ్యాలన్నాడు. గాజు తలుపు వేసుకోలేదు.

“అమ్మా, నానే... ఆఁ, తిన్నాను... ఈ నెల బహుశా పంపలేనేమో. ఏటీ నేదు, ఇంకో పని సూసుకోవాలేమో... నాన్నకి సెప్పకు. ఊడుపులు అయ్యేదాకా సెప్పకు.”

రిసీవరు పెట్టి బిల్లు చూసుకుని చిల్లర తీశాడు. కామాక్షి చిల్లర తీసుకోలేదు.

“నాను రెండడుగులన్నానని ఎందుకు సెప్పనేదు?”

అతను బయట ఆమె నాన్న లేడని చూసుకున్నాడు. “సెప్తే ఏటవుద్దక్కా? అడిగి రాసినావా, కొలిసి రాసినావా అంటారు. అడిగి రాసినోడిదే తప్పు. బండి వచ్చినాక ఒకసారి టేపు పెట్టి ఉంటే సరిపోను. మేస్త్రీ రెండ్రోజులే దొరుకుతాడన్నాడు, తొందరపడినాను.” చేతిలో చిల్లర మళ్లీ లెక్కపెడుతూ అన్నాడు. “మా నాన్న కూడా అంతే. మా పొలం ఎంతని ఎవుడడిగినా సగం సెప్తాడు. మీరు సన్నబండి అన్నప్పుడే నాకు అనుమానం వచ్చినాది. అడగడానికి మొగమాటపడ్డాను.”

చిల్లర బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయాడు.

*

ఆఫీసు ముందు మెట్లు నిటారుగా ఉన్నాయి. ఈశ్వరరావు అన్నట్టే ఇంకో ముగ్గురిని తెచ్చాడు. నలుగురూ బండి నాలుగు మూలలా వంగారు.

“ఎత్తొద్దు,” అంది కామాక్షి.

“ఎత్తకపోతే లోపలికెలా ఎల్తావు?”

“ఎల్లను. ఆరినే రమ్మను.”

అది ఎదురు చెప్పనిచ్చే గొంతు కాదు. నలుగురూ చేతులు దులుపుకున్నారు. అర్జీలు పట్టుకుని నిలబడ్డ జనం అటు తిరిగారు. కాసేపటికి, ఏం గొడవో చూద్దామన్నట్టు, పెద్దసారు చేతిలో కళ్లజోడుతో మెట్లు దిగి వచ్చాడు. ఆయన వెనక ఆనంద్ ఉన్నాడు. చొక్కా టక్ చేసుకున్నాడు. మొహం మాత్రం జ్వరం వచ్చినట్టుంది.

ఈశ్వరరావు అర్జీ ఆయన చేతికిచ్చి చెప్పడం మొదలుపెట్టాడు. వికలాంగురాలికి జరిగిన అన్యాయం, ప్రజాధనం దుర్వినియోగం, కొలత తెలియని ఉద్యోగులు. ఎక్కడో రాయించుకుని బట్టీ పట్టిన మాటలు. మధ్యలో ఒకసారి మరిచిపోయి మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు.

పెద్దసారు ఆనంద్ వైపు తిరిగాడు. “కొలవలేదా నువ్వు?”

“లేదు సార్. నా తప్పే.”

“అతను అడిగాడు సార్,” అంది కామాక్షి.

సన్యాసయ్య వెనక నుంచి ఆమె జబ్బ పట్టుకున్నాడు. ఆమె ఆ చేతిని తియ్యలేదు, ఆగనూ లేదు.

“బండి రిపేరుకి ఇచ్చాను. ఎంత వెడల్పని నన్ను అడిగాడు. నేనే రెండడుగులని తక్కువ చెప్పాను. అతను నేను చెప్పినదానికన్నా కొంచెం ఎక్కువే వదిలాడు.”

“తక్కువెందుకు చెప్పావమ్మా? నీకోసమే కదా కట్టింది.”

చెప్పడానికి పెద్ద కారణమేమీ లేదు. “మా ఊళ్లో ఎవరైనా కొలవడానికొస్తే తక్కువే చెప్తాం సార్,” అంది కామాక్షి. “మాకోసం కొలవడానికి ఇంతవరకూ ఎవరూ రాలేదు.”

అర్జీల జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. పంచె కట్టుకున్న ముసలాయన ఒకడు తన చేతిలో కాగితం వంక చూసుకుని మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. మిగిలినవాళ్లు నవ్వలేదు. ఒకరి మొహాలొకరు చూసుకోకుండా నేల చూశారు.

పెద్దసారు కళ్లజోడు పెట్టుకుని ఈశ్వరరావు వైపు చూశాడు. “మీ కొట్టు ముందు బల్ల ఒకటి ఉంటుంది కదా. ఎంత బయటికుంటుంది?”

“జానెడు సార్,” అన్నాడు ఈశ్వరరావు, ఆలోచించుకోకుండానే.

ఈసారి అందరూ నవ్వారు. బాబ్జీ అయితే ఆటో స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. ఈశ్వరరావు కూడా నవ్వబోయి, మధ్యలో మానేశాడు.

“గొట్టాలు తీసి సరిగ్గా నాటు,” పెద్దసారు ఆనంద్‌తో అన్నాడు. “కొలిచి.” తర్వాత మెట్ల వంక, కామాక్షి బండి వంక చూశాడు. మెట్లెక్కి లోపలికి వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లేదారిలో సన్యాసయ్య సందు మొగలో ఆగి అన్నాడు. “ఇంక మన మాట ఎవుడు నమ్ముతాడే?”

“ఇన్నాల్లూ ఎవుడు నమ్మినాడు నాన్నా?”

*

రెండురోజుల తర్వాత మేస్త్రీ గునపంతో గొట్టాల చుట్టూ సిమెంటు పగలగొట్టాడు. పాత గోతులకి అవతల కొత్త గోతులు తవ్వాలి. ఆనంద్ టేపు తీసుకుని బూత్ ముందుకొచ్చాడు. ఈశ్వరరావు తన గుమ్మంలో నిలబడి, ఎటో చూస్తున్నట్టు, చూస్తున్నాడు. అతని బల్ల లోపలే ఉంది.

“ఇంత వెడల్పు వదిలితే మోటారు సైకిల్లు కూడా దూరతాయక్కా.”

“దూరనీ. దూరినోడికి నానుంటాను కదా ఇక్కడ. పొద్దస్తమానం ఇక్కడే కూకుంటాను. నా నోరు నువ్వింకా ఇన్నేదు.”

ఆనంద్ నవ్వాడు. జేబులోంచి పెన్ను తీశాడు. ఎంత రాసుకోను అన్నట్టు చూశాడు.

టీ బడ్డీ దగ్గర నుంచి సన్యాసయ్య ఆత్రంగా అరచెయ్యి పైకి తిప్పి గాలిని ఎగదోస్తున్నాడు. “ఓలే, ఈపాలి కొంచెం ఎక్కువ సెప్పీయే. రేపు పెద్దబండి కొంటావేమో.”

“సెప్పను,” అంది కామాక్షి ఆనంద్‌తో. “కొలుసుకో.”

టేపు కొస తనే అందుకుంది. బండి మీద ఓరగా వంగి, కుడి చక్రం పక్కన ఇరుసు బోల్టు బయటికి పొడుచుకొచ్చిన చోట బొటనవేలితో నొక్కి పట్టుకుంది. “ఇక్కడినుంచి. ఈ బోల్టు కూడా కలుపుకో. మొన్న ముందు తగిలినాది ఇదే.” ఆనంద్ అవతలి వైపు గొంతుక్కూర్చున్నాడు. టేపు ఇద్దరి మధ్యా బిగిసింది. అతను పైకి చదివాడు. ఆమె కూడా వంగి చూసి అదే చదివింది. అప్పుడు రాశాడు.

ఎండ ఎక్కుతోంది. అతని మెడ వెనక చెమట కారుతోంది. కామాక్షి బల్ల కిందికి చెయ్యి పెట్టి సీసా తీసింది. పొద్దున్న ఇంటి దగ్గర తనే నింపుకుంది.

“నీల్లు,” అంది.

అతను సీసా ఎత్తి సగం తాగి తిరిగిచ్చాడు. మేస్త్రీ గొట్టం నిలబెడుతున్నాడు. సాయంత్రానికి సిమెంటు ఆరుతుందో లేదో తెలియదు. ఎర్ర గుర్తు ఉన్న చోట ఏటవాలు మొదలై, తాడు అచ్చులు ఒకదాని తర్వాత ఒకటిగా రోడ్డు దాకా దిగుతున్నాయి. కామాక్షి వాటి వంక చూస్తూ, మిగిలిన సగం ఆపకుండా అడుగు దాకా తాగేసింది.

“ఓలే,” అన్నాడు సన్యాసయ్య కంగారుగా లేచి. “ఇంకా బోలెడు పొద్దుంది. అన్ని నీల్లేటే?”